చామనఛాయకు ఎండ తగలదా?

తిరుమలలో తలనీలాలు ఇచ్చి కల్యాణకట్ట నుంచి బయటికొచ్చేవాళ్ల తలలు కాస్త పరీక్షగా చూస్తే నుదుటి మీద ఒక గీత కనిపిస్తుంది. గీతకు కింద ఏళ్ల తరబడి ఎండ తిన్న ముఖం. పైన ఎండంటే ఏమిటో తెలియని మాడు. మనిషి ఒకరే, తోలూ ఒకటే, రంగులు మాత్రం రెండు. పొలం పనికి పోయే మనిషైతే ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఆ తల అక్కణ్ణుంచి దర్శనానికి పోతుంది, లడ్డూల కోసం నిలబడుతుంది, మాడవీధుల్లో ఫొటోలు దిగుతుంది, కొండ దిగి ఆ పూటే తిరుచానూరుకో శ్రీకాళహస్తికో బయల్దేరుతుంది. రాత్రి దిండుకు ఆనించగానే చురుక్కుమంటుంది. మరునాడు స్నానంలో నీళ్లు పడితే మంట. నాలుగైదు రోజులకు చుండ్రు రాలినట్టు పొట్టు రాలుతుంది. కత్తి మొద్దుబారిందేమో అంటారు ఇంట్లో. లేదంటే వేడి చేసిందంటారు.

చాలాసార్లు తప్పు కత్తిది కాదు. కత్తిగాటు మంట గీసిన వెంటనే తెలుస్తుంది, గంటల్లో సర్దుకుంటుంది. ఎండ చేసే పని వేరు. మూడు నాలుగు గంటలపాటు ఏమీ తెలియనివ్వదు. ఆ తర్వాత మొదలై 12 నుంచి 24 గంటల మధ్య బాగా ముదురుతుంది. పగలు తగిలిన దెబ్బ రాత్రి బయటపడుతుంది కాబట్టి కారణాన్ని జనం ఇంకెక్కడో వెతుకుతారు. పైగా ఆ మనిషి చామనఛాయో నలుపో అయితే సన్‌బర్న్, అంటే ఎండకు తోలు కాలడం, అన్న అనుమానమే రాదు. అది తెల్లోళ్లకు వచ్చేది, మనకెందుకొస్తుంది అన్నది గట్టిపడిపోయిన నమ్మకం.

నిజానికి ఈ నమ్మకానికి భాషలోనే ఒక పునాది ఉంది. ఎండ వేడికి మనిషి సొమ్మసిల్లి పడిపోతే వడదెబ్బ అంటాం. ఒళ్లు పేలితే చెమటకాయలు అంటాం. ఎండకు తోలు కాలడానికి మాత్రం విడిగా ఒక పేరంటూ లేదు. కమిలింది, మాడింది, నల్లబడింది అని క్రియాపదాలతోనే సరిపెట్టుకుంటాం. వాటిలోనూ నోటికి ముందు వచ్చేది ‘నల్లబడింది’ అన్నదే. అంటే తగిలిన గాయాన్ని రంగు ఖాతాలో జమకడుతున్నాం. తిరకాసంతా ఈ జమాఖర్చులోనే ఉంది. రంగు తగ్గుతుందని బెంగపడేవాళ్లు చున్నీ చుట్టుకుంటారు, గొడుగు పడతారు, క్రీములు కొంటారు. ‘ఉన్న నలుపుకు ఇంకేం నలుపు’ అనుకునే కూలిమనిషి రోజుకు ఎనిమిది గంటలు ఎండలో ఉన్నా ఆ లెక్కలోకే రాడు.

ఎరుపు కోసం చూస్తే దొరకదు

వైద్య పుస్తకాల్లో సన్‌బర్న్‌కు మొదటి గుర్తు చర్మం ఎర్రబడటం. తెల్లతోలు మీద అది దూరం నుంచే కనిపిస్తుంది. చామనఛాయ మీద ఆ ఎరుపు రాదని కాదు, గోధుమరంగు కింద కప్పబడిపోతుంది. మహా అయితే చర్మం కాస్త ముదురు రాగిరంగుకు తిరిగినట్టు ఉంటుంది. కాబట్టి కంటితో కాకుండా చేత్తో చూడాలి. ఎండ పడ్డ ముంజేతినీ, చొక్కా కింద దాగిన భుజాన్నీ ఒకేసారి తాకితే మొదటిది వెచ్చగా ఉంటుంది. వేలితో నొక్కితే నొప్పి. చర్మం బిగుసుకుపోయి సాగదీసినట్టు ఉంటుంది. గుడ్డ రాపిడికి చురచురలాడుతుంది. కొందరికి మంట కన్నా దురదే ఎక్కువ. వారం తిరిగేలోపు సన్నగా పొట్టు లేస్తుంది. ఎరుపు లేదు కాబట్టి కాలలేదు అనుకునే అలవాటు వల్ల ఇవన్నీ కళ్లెదుటే జరిగిపోతున్నా పట్టింపు ఉండదు.

చర్మాన్ని ఎండకు స్పందించే తీరునుబట్టి ఆరు రకాలుగా విడగొట్టే ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణ ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మన దగ్గర ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లో పడతారు. హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో దీన్ని తయారుచేసినప్పుడు అందులో ఉన్నవి తెల్లచర్మపు రకాలే, అవీ నాలుగే. గోధుమ, నలుపు చర్మాలకు ఐదూ ఆరూ అంకెలు తర్వాత కలిపారు. అసలు అది పుట్టింది కూడా ఎండ జాగ్రత్తల కోసం కాదు. సొరాలెన్ అనే మందు ఇచ్చి అతినీలలోహిత కాంతితో సోరియాసిస్‌కు చికిత్స చేసేటప్పుడు ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చుకోవడానికి పుట్టింది. ఆ సొరాలెన్ మనకు కొత్తదేమీ కాదు. బొల్లికి నాటువైద్యులు వాడే బావంచాల్లో ఉండేది అదే. బావంచాల నూనె రాసుకుని ఎండలో ఎక్కువసేపు కూర్చుంటే ఒళ్లు బొబ్బలెక్కేది కూడా దానివల్లే.

మెలనిన్ ఇచ్చే గొడుగు ఎంత పెద్దది?

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ దాదాపు సమానంగానే ఉంటాయి. తేడా వాటి సంఖ్యలో కాదు, అవి తయారుచేసే రంగు పొట్లాల పరిమాణంలో, సర్దుబాటులో. ముదురు చర్మంలో ఆ పొట్లాలు పెద్దవిగా, విడివిడిగా పరుచుకుని ఉంటాయి. చర్మకణం లోపలి కేంద్రకం మీద టోపీలా కూర్చుని లోపలి డీఎన్‌ఏను కాపాడతాయి.

ఈ కాపుదల ఎంత? 1979లో అమెరికాలో చర్మపు పైపొరను వేరుచేసి కొలిచిన ఒక అధ్యయనం ఉంది. నల్లజాతీయుల చర్మపు పైపొర గుండా యూవీ-బీ (అతినీలలోహిత కిరణాల్లో తోలును కాల్చే రకం) సుమారు 7 శాతం లోపలికి దిగితే, తెల్లవారి చర్మంలో 24 శాతం దిగింది. సన్‌స్క్రీన్ ట్యూబుల మీద రక్షణను చెప్పే ఎస్‌పీఎఫ్ అంకెల్లో చెబితే నల్లచర్మపు సహజ రక్షణ 13 దగ్గర, తెల్లచర్మానిది మూడున్నర లోపు. చామనఛాయ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. అంటే పుట్టుకతో వచ్చిన గొడుగు ఉన్నమాట నిజమే. కానీ దుకాణంలో ‘ఎస్‌పీఎఫ్ 13’ అని రాసున్న ట్యూబు ఇస్తే తిరుపతి ఏప్రిల్ ఎండకు అది చాలదని ఎవరైనా పక్కన పెట్టేస్తారు. తోలు విషయంలో మాత్రం అదే గొప్ప కవచం అనుకుంటాం.

లెక్క కొంచెం దగ్గరగా చూడొచ్చు. అతినీలలోహిత కిరణాల తీవ్రతకు యూవీ సూచీ అనే కొలత ఉంది. 3కు చేరితే జాగ్రత్తలు మొదలుపెట్టాలని, 11కు చేరితే అది అత్యంత తీవ్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తిరుపతిలో మబ్బులేని ఏప్రిల్ మధ్యాహ్నం సూచీ 12 చేరడం వింత కాదు. సూచీలో ఒక్కో అంకె అంటే చదరపు మీటరుకు 25 మిల్లీవాట్ల కాల్చే శక్తి. 12 అంటే 300 మిల్లీవాట్లు. గంటసేపు పడితే 1,080 జూల్స్. చర్మం కాలడం మొదలవడానికి పుస్తకాల్లో సాధారణంగా ఇచ్చే హద్దులు నాలుగో రకానికి 450 జూల్స్, ఐదో రకానికి 600, ఆరో రకానికి 1,000. భాగించి చూస్తే చామనఛాయకు 25 నిమిషాలు, నలుపుకు అరగంట పైచిలుకు, కారునలుపుకు సుమారు 55 నిమిషాలు. ఇది మోటు లెక్కే. రోజూ ఎండలో ఉండే చర్మం మందమెక్కి ఇంకొంచెం ఓర్చుకుంటుంది. కానీ ఎన్నడూ ఎండ చూడని మాడుకు ఆ ఓర్పు ఎక్కడిది? వెంట్రుకల రక్షణ పోయింది, కత్తి పైపొరను కొంత గీకేసింది. మధ్యాహ్నం గంటసేపు గుండుతో తిరిగిన మనిషి తల కాలకపోతేనే ఆశ్చర్యపోవాలి. గుండుకు పూసే గంధం చల్లదనం ఇస్తుంది, అంతే. ఆరి పొలుసులై రాలే ఆ పూతను ఎండను ఆపే తెర అనుకోకూడదు.

వేడి వేరు, కాలుపు వేరు

ఈ ప్రాంతంలో ఎండను కొలిచేది కార్తెలతో. తమిళనాడు పొరుగు కావడం వల్ల చిత్తూరు వైపు మే నెల ఎండల్ని ‘కత్తిరి’ అనీ అంటారు. ఆ వెనకే రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఈ లెక్కలు వేడి విషయంలో తిరుగులేనివి. తోలు కాలే విషయంలో మాత్రం సరిపోవు.

తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఇక్కడ ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఏప్రిల్ 25 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 దాటిన పది పదిహేను నిమిషాలకు నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. రోహిణి వచ్చేసరికి సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి జరిగి నెల అవుతుంది. భూమీ గాలీ అప్పటికి బాగా కాగి ఉంటాయి కాబట్టి వేడి ఎక్కువ. యూవీ మాత్రం అంతకు నెల ముందే తారస్థాయికి చేరి ఉంటుంది. ఒక్క రోజులోనూ ఇదే తేడా. గాలి వేడి రెండు, మూడు గంటల మధ్య ముదిరితే, యూవీ పన్నెండూ పావుకే శిఖరం ఎక్కేస్తుంది. మూడింటి వడగాలికి భయపడి పదకొండున్నరకే పనులు చక్కబెట్టుకునేవాళ్లు వేడిని తప్పించుకుంటారు, కాలుపుకు ఎదురుపోతారు.

భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే ప్రాంతాల మీద ఓజోన్ పొర సహజంగానే పల్చన. ధ్రువాల మీది రంధ్రం సంగతి కాదిది, ఎప్పుడూ ఉండే ఏర్పాటే. నెత్తి మీది గాలిపొరల్ని రాడార్లతో, లేజర్లతో నిత్యం కొలిచే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల గాదంకిలో, అంటే తిరుపతికి దగ్గర్లోనే ఉండటం ఒక విశేషం.

కొండ మీదికి వస్తే తేడా ఇంకా తమాషాగా ఉంటుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. కింద 40 డిగ్రీలు మాడుతుంటే పైన నాలుగైదు డిగ్రీలు తక్కువ, చల్లటి గాలి. ‘పైన ఎండే లేదు’ అంటారు దిగివచ్చినవాళ్లు. ఎత్తుకు పోయేకొద్దీ గాలిపొర పల్చబడి ప్రతి వెయ్యి మీటర్లకూ యూవీ పది శాతం చొప్పున పెరుగుతుంది. చల్లగా ఉన్న చోట ఎండ కాస్త ఎక్కువే కాలుస్తుందన్నమాట. పల్చటి మబ్బు కూడా వెలుతురును తగ్గించినంతగా యూవీని తగ్గించదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాల నాటికి ఎండాకాలం పోయిందనే లెక్కలో ఉంటారు జనం. అప్పుడు కూడా మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నేలకు సుమారు 70 డిగ్రీల ఎత్తున ఉంటాడు. గరుడసేవ జరిగేది చీకటి పడే వేళ. దానికోసం మాడవీధుల గ్యాలరీల్లో పొద్దుటి నుంచే చోటు పట్టుకుని కూర్చునేవాళ్ల మెడల మీదే ఆ ఎండంతా పడుతుంది.

మాడవీధుల్లో అరికాళ్లు బొబ్బలెక్కడం మాత్రం వేరే సంగతి. అది కాగిన రాయి చేసే పని. పెనం అంటుకున్నట్టే అక్కడికక్కడే తెలుస్తుంది. అందుకే అక్కడ తెల్ల చలువపూతలు, పట్టాలు పరుస్తారు. తల మీద పడేదానికి అలాంటి తక్షణ హెచ్చరిక లేకపోవడమే చిక్కు.

సెల్‌ఫోన్లో యూవీ సూచీ చూడటం అందరికీ కుదరదు. నీడను చూడటం కుదురుతుంది. మనిషి నీడ మనిషికన్నా పొట్టిగా ఉన్నంతసేపూ కాలుపు ఎక్కువ. ఏప్రిల్‌లో అది దాదాపు తొమ్మిదీ పావు నుంచి మూడూ పావు దాకా. పందిరి కిందో చెట్టు కిందో కూర్చున్నా తలెత్తితే ఎంత ఆకాశం కనిపిస్తుందో అంత యూవీ పక్కల నుంచి వస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ కిరణాల్లో చాలా భాగం సూర్యుడి నుంచి నేరుగా కాక ఆకాశమంతటా చెదిరి దిగుతుంది.

మామిడితోటలో రెండు రకాల మచ్చలు

చిత్తూరు మామిడికి, అందులోనూ తోతాపురికి పేరు. మే నుంచి జులై దాకా కోతలు, మార్కెట్లు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరసలు. కోత కూలీల చేతుల మీద, బుగ్గల మీద ఈ కాలంలో నల్లమచ్చలు మామూలు. అన్నీ ఎండవని కొందరు, అన్నీ సొనవని కొందరు అంటారు. రెండూ ఉంటాయి. విడదీయడం పెద్ద కష్టమేమీ కాదు.

మామిడికాయ తొడిమ తెంచగానే చిమ్మే సొనలో చర్మాన్ని పొక్కించే రసాయనాలుంటాయి. జీడిమామిడిదీ దీనిదీ ఒకటే కుటుంబం. సొన మచ్చ చుక్క పడ్డచోట చుక్కలా, కారినచోట చారలా ఉంటుంది. మూతి పక్కన, బుగ్గ మీద, చిక్కం పట్టిన ముంజేతి లోపలివైపు కూడా వస్తుంది. ఎండ దెబ్బకు బొట్లూ చారలూ ఉండవు. అది గుడ్డ ఆగినచోట మొదలవుతుంది. చొక్కా చేతి అంచు, బనీను మెడ, వాచీ పట్టీ ఎక్కడుంటే అక్కడ గీత గీసినట్టు తేడా. ముంజేతి బయటివైపు ముదురుగా, లోపలివైపు లేతగా. గడ్డం కింద నీడ పడే చోట లేనేలేదు. తిరుమల ఘాట్‌లో బస్సు నడిపేవాళ్లలో కిటికీ వైపుండే కుడిచేయి ఎడమచేతికన్నా నల్లగా ఉండటం ఇలాంటిదే. అద్దం మూసినా పూర్తిగా తప్పదు. మామూలు అద్దం కాల్చే యూవీ-బీని చాలావరకు ఆపుతుంది కానీ నల్లబరిచే, చర్మాన్ని ముడతలుపెట్టే యూవీ-ఏను లోపలికి రానిస్తుంది. నేలకు చేరే యూవీలో 95 శాతం దాకా ఈ యూవీ-ఏ రకమే.

ఎండాకాలం తెల్లటి పల్చటి నూలుబట్టలు వేసుకోమని చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. వేడికి అది సరైన సలహా. యూవీకి సగమే సరైంది. వదులు నేత, పల్చటి తెల్ల నూలు గుడ్డ పడ్డ యూవీలో ఐదో వంతు దాకా లోపలికి వదిలేయగలదు. చెమటకు తడిస్తే ఇంకా ఎక్కువ. అదే గుడ్డ దట్టమైన నేతదైతే, ముదురు రంగుదైతే చాలా మెరుగు. దీపానికో ఆకాశానికో ఎదురుగా పట్టుకుని చూస్తే వెలుతురు ఎంత దిగుతోందో తెలుస్తుంది, యూవీ కూడా కాస్త అటూఇటూగా అంతే. ముదురు రంగుకు వేడెక్కుతుంది కదా అంటే నిజమే. ఒంటికి అంటుకోని వదులైన చొక్కా, చేతులు నిండా, అన్నది ఈ రెండింటికీ మధ్య రాజీ. రెండు మడతలు వేసి కట్టిన తుండుగుడ్డ తలపాగాకు ఇప్పటికీ సాటి లేదు. మెడ వెనక్కి ఒక కొస వేలాడేస్తే సగం పని అయినట్టే. చవకగా అమ్మే జాలీ టోపీల్లో గాలీ ఆడుతుంది, ఎండా ఆడుతుంది.

నలుపు మీద బెంగ, అది చేసే చేటు

చామనఛాయకు ఎండ చేసే చేటులో కాలడం ఒక్కటే లేదు. అసలు ఎక్కువమంది డాక్టరు దగ్గరికి పోయేది మచ్చల కోసం. బుగ్గల మీద, ముక్కు మీద పరుచుకునే మంగు ఎండ తగిలేకొద్దీ ముదురుతుంది. మొటిమ మానినచోట, దోమ కుట్టినచోట మిగిలే నల్లమచ్చ ఎండకు నెలల తరబడి పోదు. ఎండ పడగానే ముంజేతుల మీద, మెడ వెనక దురద పెట్టే చిన్న పొక్కులు కొందరికి ఏటా వస్తాయి. మార్చిలో మొదలై ఎండలు ముదిరేకొద్దీ చర్మం అలవాటుపడి తగ్గుతాయి.

ఇక్కడ ఒక సంగతి మిగతా ప్రపంచపు సలహాల్లో అంతగా కనపడదు. 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో యూవీ లేకుండా ఒట్టి వెలుతురును, కంటికి కనిపించే కాంతినే, రెండు రకాల చర్మాల మీద పడేశారు. ముదురు చర్మం నల్లబడింది, ఆ నలుపు రోజుల తరబడి నిలిచింది. తెల్లచర్మానికి ఏమీ కాలేదు. అంటే మంగు ఉన్న చామనఛాయ మనిషి ఎస్‌పీఎఫ్ 50 రాసుకున్నా వెలుతురు వల్ల మచ్చ ముదరవచ్చు. వెలుతురును ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్. ముఖం మీద తెల్లగా పేరుకునే జింకు క్రీముల బాధ కూడా వీటితో తప్పుతుంది.

ఇక రంగు కోసం జనం చేసే పనులు. ఎండకు కమిలిన ముఖానికి నిమ్మరసం పట్టించి మళ్లీ ఎండలోకి పోవడం ఒకటి. నిమ్మజాతిలో సొరాలెన్ కోవకు చెందిన పదార్థాలే ఉంటాయి. రసం కారిన దారివెంట ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు, తర్వాత నల్లచారలు. మందుల షాపులో చీటీ లేకుండా కొనే ‘తెల్లబడే’ క్రీము ఇంకా ప్రమాదం. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి నెల ముఖం మెరుస్తుంది. ఆ తర్వాత చర్మం పల్చబడి, పొయ్యి సెగ తగిలినా మండిపోయే స్థితికి వస్తుంది. చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. అమ్మకం ఆగిందా అంటే, చిన్న ఊళ్లో షాపు ముందు అరగంట నిలబడితే జవాబు దొరుకుతుంది. తెల్లబడాలని రాసిన క్రీమే ఎండకు ఉన్న కాస్త రక్షణనూ తీసేస్తోంది.

మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మందులు కూడా చర్మాన్ని ఎండకు ఓర్వలేనిదిగా చేస్తాయి. మందు మొదలుపెట్టిన వారంలో ఎండ ఎన్నడూ లేనంతగా చురుక్కుమంటే డాక్టరుకు చెప్పాల్సిన మాట అది.

ట్యూబు లెక్క

సన్‌స్క్రీన్ మీద రాసే ఎస్‌పీఎఫ్ యూవీ-బీ సంగతి చెబుతుంది. ఎస్‌పీఎఫ్ 30 ఆ కిరణాల్లో 97 శాతాన్ని, 50 అయితే 98 శాతాన్ని ఆపుతుంది. 30 దాటాక అంకెల వెంట పరుగెత్తడంలో పెద్ద లాభం లేదు. చామనఛాయవాళ్లు దానికన్నా ముందు చూడాల్సింది పక్కన ఉండే ‘పీఏ’ ప్లస్ గుర్తులు. జపాన్ పద్ధతి అది, యూవీ-ఏ నుంచి ఎంత రక్షణో చెబుతుంది. మూడు నాలుగు ప్లస్‌లుంటే మేలు.

ఈ అంకెలన్నీ చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాములు రాసి కొలిచినవి. ముఖానికే గ్రాము పైగా పడుతుంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరి. బఠాణీగింజంత రాస్తే ట్యూబు మీది అంకె సగానికో అంతకన్నా కిందికో పడిపోతుంది. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజుకు మూడుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు రెండు వారాలు రాదు. వందల రూపాయల ధర పెట్టి నెలకు రెండు ట్యూబులు కొనమని కోత కూలీకి చెప్పడం ఎగతాళి చేయడమే. అతనికి గుడ్డా, నీడా, పనివేళలే సన్‌స్క్రీన్. క్రీము గుడ్డ కప్పలేని చోటికి, ముఖానికీ చెవులకూ ముంజేతుల వెనక్కీ మిగులుతుంది. అసలు దాన్ని ఆడవాళ్ల సౌందర్య సాధనంగా అమ్మడంవల్లే రోడ్డు పనిచేసే మగవాళ్లు వాసన కూడా చూడరు.

ఎండ మానేస్తే డి విటమిన్ మాటేమిటి అన్నది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతికినవాళ్లలో తిరుపతి స్విమ్స్ వైద్యసంస్థ పరిశోధకులు ముందున్నారు. 2007లో వెలువడిన వారి అధ్యయనంలో ఇంత ఎండ కాసే ఈ ప్రాంతంలోనే, పల్లెల్లో పొలం పని చేసేవాళ్లలో కూడా డి విటమిన్ లోపం కనిపించింది. పట్టణంలో ఇంకా ఎక్కువ. మెలనిన్ ఎక్కువున్న చర్మం డి విటమిన్ తయారుచేసుకోవడానికి ఎక్కువసేపు ఎండ అడుగుతుంది. ఇక్కడ అది బాగా తయారయ్యేది 11 నుంచి 2 లోపు అని కూడా తర్వాత తేలింది. కాల్చే వేళ, విటమిన్ ఇచ్చే వేళ ఒకటేనన్నమాట. అయితే విటమిన్‌కు కాలేదాకా నిలబడక్కర్లేదు. చేతులూ కాళ్లూ తగిలేలా కొద్ది నిమిషాలు, ముఖం మీద నీడ ఉంచుకుని నిలబడితే చాలు. రోజంతా లోపలే ఉండేవాళ్లకూ, నిండా కప్పుకునేవాళ్లకూ రక్తపరీక్ష, డాక్టరు రాసిచ్చే మందు ఎండకన్నా సులువైన దారి.

చర్మక్యాన్సర్ భయంతో మాత్రం చామనఛాయవాళ్లు సన్‌స్క్రీన్ కొననక్కర్లేదు. మెలనోమా అనే రకం చర్మక్యాన్సర్ మన దగ్గర అరుదు. వచ్చినా ఎక్కువగా అరికాలు, అరచేయి, గోటి కింద లాంటి ఎండ పడని చోట్లలో వస్తుంది. 1981లో గాయకుడు బాబ్ మార్లేను బలిగొన్నది కాలిబొటనవేలి గోటి కింద పుట్టిన మెలనోమానే. చెప్పుల్లేకుండా నడిచే అలవాటున్నచోట అరికాలి మీద పెరిగే నల్లమచ్చను ముల్లు గుచ్చుకున్న మచ్చ అని వదిలేయకూడదు. బొల్లి మచ్చలున్నవాళ్లదీ, పుట్టుకతోనే మెలనిన్ లేనివాళ్లదీ వేరే లెక్క. వాళ్లకు ఈ ఎండ నిజంగానే ప్రమాదం, క్యాన్సర్‌తో సహా.

కాలిన చర్మానికి చేయగలిగింది తక్కువే. చల్లటి తడిగుడ్డ వేయడం, నీళ్లు బాగా తాగడం, కలబంద గుజ్జో మామూలు మాయిశ్చరైజరో రాయడం, లేచిన పొట్టును పీకకపోవడం. బొబ్బలు లేచి జ్వరం, వాంతులు వస్తే ఆసుపత్రికి.

కల్యాణకట్ట దగ్గర పెద్దల గుండ్లకన్నా ఎక్కువ గమనించాల్సినవి పుట్టువెంట్రుకలు తీయించిన పసితలలు. పిల్లల చర్మం పల్చన, మెలనిన్ ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, మంట పెడుతోందని చెప్పే మాట రాదు. ఆరు నెలల్లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ కూడా రాయకూడదంటారు. ఆ తల మీద ఎండపడకుండా తల్లి పైటకొంగు రెండు మడతలు వేసి కప్పుతుంది. దర్శనమయ్యాక బజార్లో రంగురంగుల జాలీ టోపీ ఒకటి కొని, కొంగు తీసేసి, అది పెడతారు.